పదిహేను రోజుల నోటీసు



మే నెలాఖరుకు హైదరాబాదు గల్లీల్లో ఎటు చూసినా ట్రాలీ ఆటోలే. బీరువా, విప్పదీసిన మంచం, వాషింగ్ మెషీన్, వాటి మీద ఒరిగి కూచున్న తులసి కుండీ. బడులు తెరిచేలోగా చేరిపోవాలి, ఆషాఢం రాకముందే పాలు పొంగించాలి. అనుకున్న రోజుకు ఇల్లు మారగలిగిన అదృష్టవంతుల సంగతి అది. ఈరోజు నేను మాట్లాడబోయేది మిగతావాళ్ళ గురించి. ఖాళీ చెయ్యమన్నా చెయ్యనివాళ్ళు, చేస్తామన్నా అడ్వాన్సు చేతికి రాక కదలలేనివాళ్ళు, రేపటికల్లా సామాను రోడ్డు మీద పెట్టిస్తానని గుమ్మం ముందు నిలబడి అరిచే ఓనర్లు.

ముందే ఒక హద్దు గీసుకుందాం. నేను చెప్పేది హైదరాబాదుకూ, తెలంగాణలోని మిగతా పట్టణాలకూ, అదీ మనుషులు కాపురముండే ఇళ్ళకు. ఆంధ్రప్రదేశ్ 2017లో తన అద్దె చట్టం తాను వేరే చేసుకుంది. విజయవాడలోనో విశాఖలోనో ఉండి వింటున్నవాళ్ళు అక్కడి వకీలును అడిగి తెలుసుకోవాలి.

చట్టంలో ఒక పదిహేను రోజులున్నాయి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 106వ సెక్షను. ఇద్దరి మధ్యా వేరే ఒప్పందం లేకపోతే, నివాసపు ఇంటి కౌలు నెలనెలా సాగే కౌలే. ఇటువాళ్ళయినా అటువాళ్ళయినా పదిహేను రోజుల నోటీసు ఇచ్చి దాన్ని ముగించుకోవచ్చు. అగ్రిమెంటులో నెల అనో రెండు నెలలనో రాసుకుంటే ఆ గడువే చెల్లుతుంది.

విన్నంతలో ఇది ఓనరు చేతికి కత్తి ఇచ్చినట్టే ఉంటుంది. పదిహేను రోజులు దాటాయి, ఇక వాళ్ళు నా ఇంట్లో ఉండడానికి వీల్లేదు అనుకుంటాడాయన. ఆయన తప్పు పడేది ఇక్కడే. పదిహేను రోజులకు ముగిసేది కౌలు. ఇల్లు అప్పుడే చేతికి రాదు. కిరాయిదారు తనంతట తాను తాళంచెవి ఇవ్వకపోతే దావా వెయ్యాలి, డిక్రీ రావాలి, ఆ డిక్రీని అమలు చెయ్యమని మళ్ళీ పిటిషను పెట్టాలి, చివరికి కోర్టు అమీనా వచ్చి స్వాధీనం ఇప్పించాలి. ఎంత బలవంతుడైన ఓనరుకైనా ఇంకో దారి లేదు. స్థిరంగా స్వాధీనంలో ఉన్న మనిషిని, అతనికి అందులో ఉండే హక్కు పోయినా సరే, చట్టప్రకారం తప్ప బయటికి పంపకూడదని సుప్రీంకోర్టు 1989లో కృష్ణారామ్ మహాలే కేసులో తేల్చి చెప్పింది. ఆ తర్వాత కూడా అదే మాట మీద నిలబడింది.

ఆ పదిహేను రోజులకూ, తాళంచెవి చేతికొచ్చే రోజుకూ మధ్య చాలా దూరం ఉంది. అది ఒక్కోసారి ఏళ్ళలో కొలవాల్సిన దూరం. ఇళ్ళు ఖాళీ చేసే తగాదాలన్నీ ఆ మధ్యలోనే పుడతాయి. కిరాయిదారుకు ఆ దూరమే ధైర్యం. ఓనరుకు అదే దడ. ఆ దడ వల్లే అతను చెయ్యకూడనివి చేస్తాడు.

ఈ భయం ఇవాళ్టిది కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పట్టణాల్లో ఇళ్ళకు కరువొచ్చి, అద్దెలు పెరక్కుండా, ఉన్నవాళ్ళను వెళ్ళగొట్టకుండా ప్రభుత్వాలు కట్టడి పెట్టాయి. యుద్ధం అయిపోయినా ఆ కట్టడి పోలేదు. ఆంధ్ర ప్రాంతానికి 1949 నాటి మద్రాసు చట్టం, తెలంగాణకు 1954 నాటి హైదరాబాదు చట్టం ఉండేవి. రెండింటినీ కలిపి 1960లో భవనాల అద్దె నియంత్రణ చట్టం తెచ్చారు. ఆ చట్టం కింద ఓనరు ఊరికే ఖాళీ చెయ్యమంటే కుదరదు. రెంట్ కంట్రోలర్ ముందు కారణం చూపాలి. అద్దె కావాలని ఎగ్గొట్టాడనో, ఇంకొకరికి అద్దెకిచ్చేశాడనో, ఇల్లు పాడుచేశాడనో, అసలు ఇల్లు నాదే కాదంటున్నాడనో, నాకే కాపురానికి కావలసి వచ్చిందనో రుజువు చెయ్యాలి.

ఈ చివరి కారణం మీద ఒక సంస్కృతే తయారైంది. అమెరికా నుంచి అబ్బాయి వచ్చేస్తున్నాడు. కూతురికి పెళ్ళి కుదిరింది, అల్లుడు ఇక్కడే ఉంటాడట. మా తమ్ముడు రిటైరై ఊరినుంచి వస్తున్నాడు. హైదరాబాదులో అద్దె కొంపల్లో గడిపినవాళ్ళెవరూ ఈ మూడింట్లో కనీసం ఒకటి వినకుండా ఉండి ఉండరు.

ఇందులో తమాషా ఏమిటంటే, ఇవాళ హైదరాబాదులో చాలా ఇళ్ళకు ఆ 1960 చట్టం వర్తించనే వర్తించదు. 2005లో సవరణ చేసి, మునిసిపల్ కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలు, ఇతర చోట్ల 2,000 రూపాయలు దాటిన అద్దె ఇళ్ళను దాని పరిధి నుంచి తీసేశారు. కట్టి 15 ఏళ్ళు కాని భవనాలనూ తప్పించారు. ఇవాళ నగరంలో 3,500కు సింగిల్ రూము కూడా దొరకడం కష్టం. అలా తప్పించినవాటికి ఆ 1882 చట్టమే గతి. ఆ చట్టం ఓనరును కారణం అడగదు. నోటీసు ఇచ్చావా, గడువు అయిందా, ఇంతే.

అయినా అబద్ధాలు ఆగలేదు. కారణం చెప్పి తీరాలన్న పాత అలవాటు అలాగే ఉండిపోయింది. ఓనరు అమెరికా అబ్బాయి పేరు చెప్తాడు. కిరాయిదారు నమ్మి, బాబు పరీక్షలు కాగానే సామాను సర్దుకుని పోతాడు. నెల తిరిగేసరికి అదే గేటుకు టు-లెట్ బోర్డు వేలాడుతుంది, అయిదు వేలు ఎక్కువ అద్దెకు. అటుగా వెళ్తూ ఆ బోర్డు చూసిన మనిషికి కలిగే కోపం చిన్నది కాదు. అబద్ధమని ముందే పసిగట్టినవాడైతే అసలు కదలనే కదలడు. ‘అంకుల్, మీ అబ్బాయి వచ్చాక మాట్లాడుకుందాం’ అంటాడు. చెప్పక్కర్లేని కారణాన్ని చెప్పి, అందులోనూ అబద్ధం చెప్పి, ఓనరే తగాదాకు తలుపు తీస్తున్నాడు. ‘బాబూ, అద్దె పెంచితే నువ్వు ఇవ్వలేనంటున్నావు, ఇచ్చేవాళ్ళు దొరికారు, జూన్ మొదటికల్లా చూసుకో’ అంటే వినడానికి కటువుగానే ఉంటుంది. కానీ దానికి జవాబు చెప్పుకోవచ్చు, బేరం ఆడుకోవచ్చు. అబద్ధంతో బేరం కుదరదు.

ఇప్పుడు ఓనర్లను పీడించే రెండో భయం. ‘పదకొండు నెలలు దాటితే కిరాయిదారుకు హక్కు వచ్చేస్తుంది, పన్నెండేళ్ళుంటే ఇల్లే అతనిదైపోతుంది.’ రెండూ ఉత్తి మాటలే. పదకొండు నెలల లెక్క రిజిస్ట్రేషన్ కోసం. రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పుతుందని పదకొండు నెలలకే రాసుకుంటారు. నోటరీ ముద్ర వేయిస్తే అది రిజిస్ట్రేషన్ అయిపోదు, ఆ సంగతి కూడా చాలామందికి తెలియదు. ఇక పన్నెండేళ్ళ మాట. అద్దె ఇస్తూ ఉన్నవాడు ఓనరు అనుమతితోనే ఉన్నట్టు. ఎన్నేళ్ళున్నా ఆ ఉండడం యాజమాన్యంగా మారదు. పైగా తనను ఇంట్లో పెట్టిన ఓనరుకు అసలు హక్కే లేదని కిరాయిదారు కోర్టులో వాదించడానికి సాక్ష్య చట్టం ఒప్పుకోదు. ఈ భయంతోనే కొందరు ఓనర్లు ప్రతి ఏడాదీ కారణం లేకుండా కిరాయిదార్లను మార్చేస్తుంటారు. మంచి మనుషుల్ని పంపేసి, బ్రోకరుకు డబ్బులిచ్చి, కొత్త తలనొప్పి తెచ్చుకుంటారు.

పదకొండు నెలలు అయిపోయాక మళ్ళీ రాసుకోకుండా, నెలనెలా అద్దె తీసుకుంటూ పోతే ఏమవుతుంది? మళ్ళీ అదే నెలనెలా కౌలు. అంటే ‘నీ అగ్రిమెంటు ఎప్పుడో అయిపోయింది, నోటీసెందుకు’ అని ఓనరు అనడానికి లేదు. నోటీసు ఇవ్వాల్సిందే.

ఆ నోటీసుకో చరిత్ర ఉంది, మా వకీళ్ళకు ఇష్టమైన చరిత్ర. ఒకప్పుడు గడువు సరిగ్గా కౌలు నెల ముగిసే రోజుకే తీరేలా నోటీసు రాయాలి. ఒక్కరోజు లెక్క తప్పితే, ఏళ్ళ తరబడి నడిచిన దావా కాస్తా కొట్టేసేవాళ్ళు. పంచాంగం చూసి ముహూర్తం పెట్టినంత జాగ్రత్తగా నోటీసులు రాసేవాళ్ళం. 2002 చివర్లో ఆ సెక్షను సవరించారు. ఇప్పుడు నోటీసు అందిన రోజునుంచి గడువు లెక్క. గడువు తక్కువ రాసినా, పూర్తి గడువు దాటాక దావా వేస్తే చెల్లుతుంది. అయినా అది రాతపూర్వకంగా ఉండాలి, సంతకం ఉండాలి. పోస్టులో పంపాలి, లేదా మనిషికి చేతికివ్వాలి, ఇంట్లోవాళ్ళకైనా ఇవ్వాలి, అదీ కుదరకపోతే ఇంటికి కనబడేచోట అంటించాలి. ‘వాట్సాప్‌లో పెట్టాను కదా, బ్లూ టిక్కులు కూడా వచ్చాయి’ అంటారు. దాన్నే నమ్ముకుని దావాకు పోకండి. రిజిస్టర్డ్ పోస్టు అనే పాత మిత్రుణ్ణి 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు, ఇక స్పీడ్ పోస్టే దిక్కు. సరైన చిరునామాకు పంపిన నోటీసును తీసుకోనని తిప్పి పంపినా, అందినట్టే కోర్టు లెక్కగడుతుంది. పోస్టుమ్యాన్‌ను చూసి తలుపేసుకుంటే ఒరిగేదేమీ లేదు.

నోటీసు ఇచ్చాక వచ్చిన అద్దె తీసుకోవచ్చా? ఇది రోజూ ఎదురయ్యే ప్రశ్న. ఇప్పుడు అద్దె ఫోన్లోనే పడిపోతుంది, వద్దన్నా పడుతుంది. అద్దె తీసుకుంటే నోటీసు వదులుకున్నట్టు అవ్వొచ్చని చట్టంలో ఉంది. అయితే తీసుకున్నంత మాత్రాన వదులుకున్నట్టు కాదు, కౌలు కొనసాగించే ఉద్దేశం ఉండాలని సుప్రీంకోర్టు 2006లో సరూప్ సింగ్ గుప్తా కేసులో అంది. తీసుకునే ఓనరు ‘నోటీసుకు భంగం లేకుండా, ఇంట్లో ఉంటున్నందుకు పరిహారంగా తీసుకుంటున్నాను’ అని ఒక ముక్క రాసి పంపితే గొడవే ఉండదు.

సరే, దడ పట్టిన ఓనరు ఏం చేస్తాడో చూద్దాం. మొదట మోటారు ఆపుతాడు. మేడ మీదికి నీళ్ళు రావు. తర్వాత ఫ్యూజు పీకుతాడు. ఆ పైన, కిరాయిదారు ఊరెళ్ళినప్పుడు తాళం మీద తాళం వేస్తాడు. ఈ మూడూ చట్టవిరుద్ధమే. కరెంటు కనీస అవసరం, దాన్ని మనిషికి లేకుండా చెయ్యకూడదు, ఓనరు ఒప్పుకోలేదన్న సాకుతో కిరాయిదారుకు కనెక్షన్ నిరాకరించకూడదు అని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. తాళం వేసి సామాను లోపల ఉంచేస్తే, 1963 నాటి నిర్దిష్ట ఉపశమనాల చట్టం ఆరో సెక్షను కింద కిరాయిదారు ఆరు నెలల్లోగా దావా వేసి మళ్ళీ స్వాధీనం పొందొచ్చు. ఇల్లు ఎవరిదన్న ప్రశ్న ఆ దావాలో రానే రాదు. ఎవరు ఉన్నారు, ఎవరు అన్యాయంగా బయటికి నెట్టారు అన్నదే చూస్తారు. ఓనరు ఇల్లుగలవాడై ఉండీ ఓడిపోయే కేసు అది. పోలీస్ స్టేషనుకు వెళ్తే ‘ఇది సివిల్ తగాదా’ అని పంపేస్తారన్న మాట నిజమే, ఎక్కువసార్లు. కానీ ఓనరు మనుషుల్ని వెంటేసుకొచ్చి లోపల చొరబడి సామాను పారేస్తే అది సివిల్ తగాదాగా ఆగదు. అక్రమ ప్రవేశం, అక్రమ నిరోధం భారతీయ న్యాయ సంహితలోనూ నేరాలే.

కిరాయిదారు పక్షం కూడా చెప్పాలి. ఆ సుదీర్ఘమైన మధ్యకాలాన్ని ఉచితంగా దొరికిన కాలమనుకునేవాళ్ళున్నారు. ఇంజంక్షన్ తెచ్చుకుని, వాయిదాల మీద వాయిదాలు అడుగుతూ, పాత అద్దెకే ఏళ్ళు గడిపేద్దామనుకుంటారు. ఆ ఇంజంక్షన్ మీద ఏం రాసుందో చదువుకోరు. చట్టప్రకారం తప్ప ఖాళీ చేయించకూడదు, అంతే ఉంటుంది. చట్టప్రకారం వస్తే ఆపదు. పైగా కౌలు ముగిశాక ఉన్న ప్రతి నెలకూ కోర్టు నష్టపరిహారం కట్టించగలదు, అదీ బజారు రేటు మీద. ఢిల్లీలో ఆత్మారామ్ ప్రాపర్టీస్ కేసు చూడండి. నెలకు 371 రూపాయల 90 పైసల అద్దెలో ఉన్న ఒక వ్యాపార సంస్థ, ఖాళీ చెయ్యమన్న తీర్పు మీద స్టే అడిగింది. స్టే ఇస్తాం, కానీ నెలకు 15,000 కట్టమన్నారు. 2004 డిసెంబరులో సుప్రీంకోర్టు అది సబబే అంది. అది దుకాణం కేసే అయినా ఆ సూత్రం ఇళ్ళకూ వర్తిస్తుంది. ఉచితమనుకున్న కాలానికి చివర్లో బిల్లు వస్తుందన్నమాట.

కేంద్రం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఈ బిల్లును ముందే రాసి పెట్టింది. గడువు దాటి ఉంటే మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆ తర్వాత నాలుగింతలు. ఇంటి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదు. తగాదాలకు వేరే అద్దె కోర్టులు. అయితే అది నమూనానే, రాష్ట్రం తన శాసనసభలో చట్టం చేసుకుంటేనే అమలవుతుంది.

అడ్వాన్సు అన్నాం కాబట్టి ఆ మాటా తేల్చుకుందాం. నన్నడిగితే, సగం తగాదాలు ఇంటి కోసం జరగవు, అడ్వాన్సు కోసం జరుగుతాయి. బెంగళూరులో పది నెలల అద్దె అడ్వాన్సుగా కట్టి, వెనక్కి రాబట్టుకోవడానికి నానా అవస్థా పడిన మన పిల్లలు ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు. హైదరాబాదులో మొత్తం తక్కువ, పేచీ మాత్రం అంతే. పెయింటింగుకు ఒక నెల అద్దె కోత. మేకులు కొట్టారని కోత. బాత్రూం కుళాయి కారుతోందని కోత. చట్టం ఏమంటుందంటే, కిరాయిదారు ఇంటిని తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలా అప్పగించాలి, మామూలు వాడకంతో వచ్చే అరుగుదల మినహా. మూడేళ్ళు కాపురముంటే గోడకు రంగు వెలవదా మరి? వెలిసిన రంగుకు కిరాయిదారు బాధ్యుడు కాదు, పగలగొట్టిన వాష్‌బేసిన్‌కు బాధ్యుడు. అయితే అగ్రిమెంటులో ‘పెయింటింగు ఖర్చు కిరాయిదారుదే’ అని ఉండి, మనం చదవకుండా సంతకం పెట్టి ఉంటే అది వేరే సంగతి.

ఈ కోత భయంతోనే కిరాయిదార్లు చివరి రెండు నెలలూ అద్దె ఎగ్గొడతారు. ‘అడ్వాన్సులో కొట్టేసుకోండి ఆంటీ’ అంటారు. ఒప్పందంలో లేకపోతే అది బకాయే. ఓనరు ఒప్పుకుంటే మాత్రం ఇద్దరికీ హాయి. ఒప్పుకున్నట్టు ఒక కాగితం మీద రాయించుకోండి.

ఇంకో విషయం. మాట్లాడడానికి మొహమాటంగా ఉంటుంది గానీ, నగరంలో ఇది జరుగుతూనే ఉంది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళలో ఒకరు ఆసుపత్రిలో చనిపోతారు. శవాన్ని ఇంటికి తేవద్దంటాడు ఓనరు. ఆ కుటుంబం ఆసుపత్రి నుంచి నేరుగా శ్మశానానికి వెళ్తుంది. లేదా వీధి చివర టెంటు వేసుకుని కూచుంటుంది. పదకొండో రోజు అయ్యాక, ఇల్లు ఖాళీ చెయ్యమని కబురొస్తుంది. ఆచారాల మీద వాదన నాకు వద్దు. చట్టం సంగతి చెప్తాను. అద్దెకిచ్చిన ఇంటి మీద, కౌలు నడిచినంతకాలం, స్వాధీనం కిరాయిదారుది. లోపలికి ఎవరు రావాలో, ఏ స్థితిలో రావాలో చెప్పే అధికారం ఓనరుకు లేదు. కిరాయిదారు చనిపోయినంత మాత్రాన కౌలు పోదు, అది వారసులకు దక్కుతుంది. వాళ్ళను ఖాళీ చేయించాలన్నా నోటీసు ఇవ్వాలి, గడువు ఇవ్వాలి. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఓనరు ఆ ఇంట్లో పిల్లలు పుడతారని ఒప్పుకుంటాడు, సీమంతాలకు వచ్చి తాంబూలం తీసుకుంటాడు. చావును మాత్రం ఒప్పుకోనంటే ఎలా?

ఇంట్లో నిండు చూలాలుంటే ఇల్లు మారకూడదంటారు. ఆషాఢంలో, మూఢాల్లో మారరు. బోర్డు పరీక్షల ముందు మారడం ఎవరికీ ఇష్టం ఉండదు. 106వ సెక్షనుకు ఇవేవీ తెలియవు. దానికి తెలిసింది పదిహేను అంకె ఒక్కటే. ఓనరుకు తెలుసు, ఆయన ఇంట్లోనూ అవే పట్టింపులు. అందుకే నా దగ్గరికి నోటీసు రాయించుకోవడానికి వచ్చిన ఓనర్లను ముందుగా వాళ్ళింట్లో పిల్లలేం చదువుతున్నారో అడుగుతాను. శ్రావణం దాకా గడువు ఇస్తే, దావా వేసి మూడేళ్ళు తిరగడం కన్నా చౌక. కిరాయిదారుకూ అంతే. మూడు నెలల గడువు, అడ్వాన్సు పూర్తిగా వాపసు, ఈ రెండూ దొరికితే కోర్టులో గెలిచినా అంతకన్నా దక్కేదేమీ లేదు.

ఆ బేరం కుదిరాక నోటి మాటగా వదిలెయ్యకండి. లోక్ అదాలత్‌కు వెళ్ళండి. దావా వెయ్యకముందే వెళ్ళొచ్చు, కోర్టు ఫీజు లేదు. దావా వేశాక అక్కడ రాజీ పడితే కట్టిన కోర్టు ఫీజు వాపసిస్తారు. ఫలానా తేదీకి తాళంచెవి, అదే రోజు అడ్వాన్సు అని అక్కడ రాయించుకుంటే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఆ తేదీకి మాట తప్పితే కొత్త దావా అక్కర్లేదు, నేరుగా అమలు పిటిషనే. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా వకీలును కూడా ఉచితంగా ఇస్తారు. న్యాయసేవాధికార సంస్థల ఫోన్ నంబరు 15100. ఎక్కణ్ణుంచి చేసినా ఉచితమే. ఫోన్ చేసేముందు అగ్రిమెంటు, అద్దె కట్టిన రుజువులు, నోటీసు వచ్చి ఉంటే ఆ కవరుతో సహా దగ్గర పెట్టుకోండి. కవరు మీదున్న తపాలా తేదీ కూడా అడుగుతారు.